ఒకే పేరు, పలు పాఠాలు: బ్రౌజరు కూర్పులను పరీక్షించిన చరిత్ర

ప్రాచీన గ్రంథాల పరిష్కరణతో పరిచయమున్న మిత్రులకు పాఠాంతరం అనే మాట కొత్త కాదు. ఒక పద్యానికి నాలుగు తాళపత్ర ప్రతులుంటే, నాలుగింటిలోను ఏదో ఒక పాదం భిన్నంగా కనిపిస్తూనే ఉంటుంది. పరిష్కర్త వాటినన్నింటినీ ఒకచోట చేర్చి, పక్కపక్కన పరచుకొని, కవి ఉద్దేశించినది ఏదో, లేఖకుని ప్రమాదం ఏదో తేల్చుకోవాలి. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో పండితులను జీతమిచ్చి నియమించి చేయించిన పని ఇదే. ప్రతులన్నీ ఎదుట ఉంటేనే ఆ పని సాగుతుంది.

అంతర్జాలంలో ఈ సమస్య తలక్రిందులై కనిపిస్తుంది. ఇక్కడ మూలప్రతి ఒక్కటే. సర్వరులోని ఫైలులో ఒక్క అక్షరమైనా మారదు. చదివే సాధనం మారితే పుట రూపం మారిపోతుంది. ఆ సాధనాన్నే బ్రౌజరు అంటాము. మనలో కొందరు ముచ్చటగా విహారిణి అని పిలుచుకొన్నారు. రెండు వేర్వేరు సంస్థల విహారిణులు ఒకే పుటను రెండు విధాలుగా చూపితే అంతగా ఆశ్చర్యపడనక్కరలేదు. ఒకే సంస్థ ఒకే పేరుతో వెలువరించిన విహారిణి 5వ కూర్పులో ఒక తీరుగా, 6వ కూర్పులో మరొక తీరుగా చదవడం విచిత్రం. ఆ రెండు కూర్పులనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూసే వీలు చాలాకాలం లేకపోవడం అంతకంటే విచిత్రం. కొత్త ప్రతి ఇంట అడుగుపెట్టగానే పాత ప్రతిని తానే మాయం చేసేది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును ముఖ్యోదాహరణగా తీసుకొని, జాలపుటల రూపశిల్పులు ఈ ఇబ్బందిని ఎట్లా దాటారో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూత్రానికి ముందే ప్రయోగం

1995 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు మొదటి కూర్పు వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో రెండవది, 1996 ఆగస్టులో మూడవది వెలువడ్డాయి. ఆనాడు రాజ్యమేలుతున్న నెట్‌స్కేప్ నావిగేటరుతో పోటీపడి పరుగెత్తుతున్న కాలమది. పుటలోని విషయాన్ని హెచ్.టి.ఎం.ఎల్. చెబితే, దాని వేషధారణను సి.ఎస్.ఎస్. చెప్పాలన్న ఆలోచన అప్పటికి రూపు దిద్దుకొంటున్నది. సి.ఎస్.ఎస్. మొదటి ప్రమాణాన్ని వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఆమోదించింది 1996 డిసెంబరు 17న. ఎక్స్‌ప్లోరరు 3 దానిని ఆచరణలో పెట్టడం మొదలైనది అంతకు నాలుగు నెలల ముందు! సూత్రం స్థిరపడక ముందే ప్రయోగం లోకంలో వ్యాపించింది. భాషలో ఇది సహజమే. లక్ష్యం ముందు, లక్షణం తరువాత. అయితే యంత్రానికి శిష్టులెవరో, అశిష్టులెవరో తెలియదు. ముందు అలవాటైన దానినే అది పట్టుకొని కూర్చుంటుంది.

ఈ చిక్కు ఎంతటిదో ఒక చిన్న లెక్కతో చెబుతాను. ఒక పటానికి చట్రం కట్టిస్తున్నామనుకోండి. బొమ్మ వెడల్పు 300, బొమ్మకూ చట్రానికీ నడుమ ఇరువైపులా వదలే ఖాళీ 20 చొప్పున, చట్రం మందం 5 చొప్పున. సి.ఎస్.ఎస్. ప్రమాణం ప్రకారం "వెడల్పు" అన్న మాట లోపలి బొమ్మకే వర్తిస్తుంది. కాబట్టి గోడమీద పటం ఆక్రమించే చోటు 300, 40, 10 కలిసి 350 పిక్సెళ్ళు. ఎక్స్‌ప్లోరరు 5 మాత్రం "వెడల్పు" అంటే చట్రంతో సహా మొత్తమని అర్థం చెప్పుకొన్నది. దాని లెక్కలో పటం మొత్తం 300, లోపలి బొమ్మకు మిగిలేది 250. ఒకే మాటకు రెండు వ్యాఖ్యానాలు, 50 పిక్సెళ్ళ తేడా. మూడు నిలువు వరుసలుగా తీర్చిన పుటలో ఈ తేడా చాలు, మూడవ వరుస చోటు చాలక క్రిందికి జారిపడడానికి.

2001లో వచ్చిన 6వ కూర్పు ప్రమాణాన్ని అంగీకరించింది. కాని అప్పటికే పాత లెక్కను నమ్ముకొని వ్రాసిన పుటలు కోకొల్లలు. వాటిని ఏం చేయాలి? దానికి ఉపాయం అప్పటికే దొరికింది. 2000 మార్చిలో మెకింటాష్ యంత్రాలకోసం వెలువడిన ఎక్స్‌ప్లోరరు 5, పుట తలకట్టులో ఉండే డాక్‌టైప్ అనే ప్రకటనను చూసి ప్రవర్తన మార్చుకోవడం మొదలుపెట్టింది. విండోసులో 6వ కూర్పు అదే దారి పట్టింది. తగిన ప్రకటన ఉంటే కొత్త లెక్క. లేకుంటే పాత 5.5వ కూర్పు లెక్క. అంటే ఒక్క కూర్పు కడుపులోనే రెండు పాఠాలు ఇమిడాయన్నమాట. ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. డాక్‌టైప్ కంటే ముందు ఎక్స్.ఎం.ఎల్. ప్రకటన అనే ఒక పంక్తి వ్రాస్తే, 6వ కూర్పు తికమకపడి పాత లెక్కలోనికి జారిపోయేది. 7వ కూర్పులో ఈ దోషం సవరించారు. ఫైలులో ఏ మార్పూ చేయకుండానే, కూర్పు మారినంత మాత్రాన పుట కొలతలు మారిపోవడానికి ఇంతకంటే మంచి దృష్టాంతం ఉండదు.

పరీక్షకు పాత ప్రతి ఏది?

రూపశిల్పి చేయవలసినది తేలికగా చెప్పవచ్చు. తన పుటను 5లోను, 5.5లోను, 6లోను తెరచి చూసుకోవాలి. ఆచరణలో అది సాధ్యమయ్యేది కాదు.

ఇందుకు కారణం సాంకేతికమూ, వ్యాపారమూ కలిసినది. 1998లో వచ్చిన విండోస్ 98 నాటికి మైక్రోసాఫ్ట్ తన విహారిణిని ఆపరేటింగు సిస్టంలో అంతర్భాగం చేసింది. పుటను చదివి చూపే ప్రధాన భాగం ఎం.ఎస్.హెచ్.టి.ఎం.ఎల్. అనే ఫైలులో ఉండేది. విండోస్ సహాయపు పుటలతో పాటు ఇతర ప్రోగ్రాములెన్నో అదే ఫైలును వాడుకొనేవి. అందువల్ల ఒక విండోసులో ఒకే ఎక్స్‌ప్లోరరు. 6 స్థాపించిన మరుక్షణం 5 అదృశ్యం. విహారిణిని ఆపరేటింగు సిస్టంతో ముడివేయడం న్యాయమేనా అన్నది 1998 మే 18న అమెరికా న్యాయశాఖ, పలు రాష్ట్రాలు కలిసి వేసిన ప్రసిద్ధ వ్యాజ్యంలో ప్రధానాంశమైనది. న్యాయస్థానంలో వాదమంతా పోటీ సంస్థల గురించి సాగింది. ఆ ముడి వల్ల పుటలు పరీక్షించుకొనే వారికి కలిగిన కష్టం ఎవరి అభియోగపత్రంలోకీ ఎక్కలేదు.

ఇక మిగిలిన దారి, ఎన్ని కూర్పులో అన్ని విండోసులు. విండోస్ 98తో 4వ కూర్పు వచ్చింది. విండోస్ 2000తో 5.01, విండోస్ మిలీనియంతో 5.5, విండోస్ ఎక్స్‌పీతో 6 వచ్చాయి. కాబట్టి స్తోమత గల సంస్థలు గదిలో వరుసగా పాత యంత్రాలను నిలిపి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క కూర్పును కదలనీయకుండా కాపాడేవి. ఒంటరిగా పనిచేసేవారు ఒకే డిస్కును భాగాలుగా చీల్చి, ఒక్కొక్క భాగంలో ఒక్కొక్క విండోసు స్థాపించి, చూడవలసి వచ్చినప్పుడల్లా యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఒక గీత సరిచేయడం, యంత్రాన్ని తిరిగి నడపడం, చూడడం, మళ్ళీ మొదటి విండోసుకు రావడం! లేఖకుడు తాళపత్రం మీద ఒక అక్షరం దిద్ది, ఎట్లున్నదో చూసుకోవడానికి పొరుగూరు వెళ్ళిరావడం వంటిది ఇది.

మారువేషంలో సాక్షి

2003లో ఒక ఉపాయం వెలుగులోకి వచ్చింది. విండోసులో ఒక సదుపాయం ఉండేది. ఒక ప్రోగ్రాము ఉన్న సంచయంలో దాని పేరు చివర "లోకల్" అన్న మాట చేర్చి ఒక ఖాళీ ఫైలు పెడితే, ఆ ప్రోగ్రాము తనకు కావలసిన భాగాలను సిస్టం నుండి కాక ముందుగా తన పక్కనున్న సంచయం నుండే తెచ్చుకొంటుంది. పాత ఎక్స్‌ప్లోరరు కట్టలోనుండి ముఖ్యమైన కొన్ని ఫైళ్ళను మాత్రం విడిగా తీసి, ఈ ఖాళీ ఫైలును తోడు చేస్తే, 6 ఉన్న యంత్రంలోనే 5 లేచి కూర్చున్నది! కాపాడవలసిన రహస్యమంతా ఒక శూన్యపు ఫైలులో ఉండడం ఎంత చిత్రం! త్వరలోనే ఔత్సాహికులు 3 మొదలుకొని 6 వరకు కూర్పులన్నింటినీ ఒక మూటగట్టి పంచిపెట్టారు.

అయితే ఆ పునరుత్థానంలో ఒక లోపం ఉండేది. 5వ కూర్పు నుండి ఎక్స్‌ప్లోరరులో షరతు వ్యాఖ్యలు అనే సౌకర్యం ఉండేది. "నీవు 6వ కూర్పువైతే ఈ భాగం చదువు, 5వ కూర్పువైతే ఆ భాగం చదువు" అని పుటలోనే ఆదేశించే వీలుండేది. విహారిణి తన సంఖ్యను విండోస్ రిజిస్ట్రీలో వెదకి తెలుసుకొనేది. రిజిస్ట్రీలో ఉన్నది 6 కదా! కాబట్టి విడిగా నడిపిన 5వ కూర్పును "నీవెవరు" అని అడిగితే "నేను 6వ దానను" అని బదులిచ్చేది. గీతలు గీసేది 5వ కూర్పు చేయి, పలికేది 6వ కూర్పు నోరు. సంగతి తెలియని పరీక్షకుడు ఆ సాక్ష్యాన్ని నమ్మితే, నిజమైన 5వ కూర్పు వాడుతున్న పాఠకుని ఎదుట పుట చెదిరిపోయేది. రిజిస్ట్రీలోని ఆ పద్దును తొలగిస్తేనే పాత కూర్పు నిజం చెప్పేదని తరువాత కనుగొన్నారు.

2006 అక్టోబరులో 7వ కూర్పు విడుదలైనప్పుడు ఇబ్బంది ముదిరింది. 7ను స్థాపించుకొన్నవారి యంత్రంలో 6 పోతుంది; 6 వాడే పాఠకులు మాత్రం లోకమంతటా ఉన్నారు. ఆ నవంబరు చివర మైక్రోసాఫ్ట్ ఒక పరిష్కారం చూపింది. ఒక యంత్రం లోపల మరొక యంత్రాన్ని నటింపజేసే వర్చువల్ పీసీ అనే ప్రోగ్రామును అప్పటికే ఉచితం చేసి ఉన్నది. ఇప్పుడు దానిలో నడిచే విండోస్ ఎక్స్‌పీని, 6వ కూర్పుతో సహా, ఒక పెద్ద ఫైలుగా ఉచితంగా ఇచ్చింది. దానికి 2007 ఏప్రిల్ 1 వరకే గడువు. ఆ తరువాత కొత్త గడువులతో మరల మరల ఇస్తూ వచ్చారు. ఏదైతేనేం, పాత ప్రతి తన సహజమైన ఇంటిలోనే ఉండి, నిజమైన పేరుతో సాక్ష్యం చెప్పడం అప్పటికి సులభమైనది.

దోషాన్ని సవరిస్తే వచ్చిన దోషం

2001 నుండి 2006 వరకు ఐదేళ్ళు 6వ కూర్పు ఏకచ్ఛత్రాధిపత్యం నడిచింది. ఆ ఐదేళ్ళలో దాని దోషాలకు రూపశిల్పులు మందులు కనిపెట్టుకొన్నారు. ఉదాహరణకు, ఎడమకు ఒదిగించిన పెట్టెకు ఎడమవైపు 20 పిక్సెళ్ళ మార్జిను చెబితే 6వ కూర్పు 40 చూపేది. దాని విరుగుడు, ఆ పెట్టెకు "ఇన్‌లైన్" అన్న ఒక్క మాట చేర్చడం. ఎందుకు పనిచేస్తుందో తర్కానికి అందదు, పనిచేస్తుందంతే! మరొక మందు, నక్షత్రపు గుర్తు పెట్టి హెచ్.టి.ఎం.ఎల్. అని వ్రాసి, దాని వెంట ఆదేశం ఇవ్వడం. సూత్రం ప్రకారం ఆ మాటకు వర్తించే వస్తువే లేదు. ఇతర విహారిణులు దానిని దాటిపోతాయి. 6వ కూర్పు, దాని పూర్వులు మాత్రం తెలియక దానిని పాటించేవి. ఒక దోషాన్ని సవరించడానికి మరొక దోషాన్ని రహస్య ద్వారంగా వాడుకొన్నారన్నమాట.

7వ కూర్పు ఆ ద్వారాన్ని మూసివేసింది. కొన్ని దోషాలనూ తొలగించింది. కాని అన్ని దోషాలనూ తొలగించలేదు! దానితో, మందు పనిచేయడం మానుకొన్నది కాని జబ్బు కొంత మిగిలినది. ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, 2005 అక్టోబరులోనే మైక్రోసాఫ్ట్ వారు ఇట్టి ఉపాయాలను పుటలలోనుండి తీసివేయవలసినదిగా విజ్ఞప్తి చేశారు. షరతు వ్యాఖ్యలతో పద్ధతి ప్రకారం "నీవు 6 అయితేనే" అని చెప్పి ఉంచినవారి పుటలు నిలిచాయి. దొడ్డిదారి పట్టినవారివి చెదిరాయి.

2008లో ఈ ప్రశ్న బహిరంగ వాదంగా మారింది. 8వ కూర్పు ప్రమాణాలను బాగా పాటించేటట్లు తయారవుతున్నది. కాని ప్రమాణాన్ని పాటిస్తే, 6, 7ల దోషాలకు అనుగుణంగా వ్రాసిన పుటలన్నీ పాడవుతాయి. అందుచేత, పుట కోరితేనే కొత్త పఠనం, కోరకుంటే 7వ కూర్పు పఠనమే అని జనవరిలో ఒక ప్రతిపాదన వచ్చింది. తప్పుకు పట్టాభిషేకమా అని పలువురు ఆక్షేపించారు. మార్చి మొదటివారంలో మైక్రోసాఫ్ట్ మనసు మార్చుకొని, ప్రమాణమే మొదటి పాఠం, పాత పఠనం కోరినవారికే అని ప్రకటించింది. 2009 మార్చిలో వెలువడిన 8వ కూర్పులో, చిరునామా పట్టీ పక్కన చిరిగిన పుట బొమ్మతో ఒక మీట వెలసింది. పుట చెదిరినట్లు కనిపిస్తే పాఠకుడు దానిని నొక్కి పాత పఠనానికి మారవచ్చు. పరిష్కర్త చేయవలసిన నిర్ణయం పాఠకుని చేతికి వచ్చింది!

తెలుగు అక్షరానికి పరీక్ష

ఇంతవరకు చెప్పినదంతా పెట్టెల కొలతల గొడవ. తెలుగు చదివేవారికి కూర్పు భేదం అక్షరం దాకా వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతి, తెలుగును పేర్చి చూపే యూనిస్క్రైబ్ ఉన్నా, సంక్లిష్ట లిపుల అమరికను వాడుకరి స్వయంగా ఎంచుకొంటేనే అవి పనిచేసేవి. ఒకే 6వ కూర్పు ఒక ఇంట చక్కని తెలుగును, పొరుగింట వట్టి గళ్ళను చూపడానికి ఇదే కారణం.

ఫైర్‌ఫాక్స్ 2 సంగతి మనలో పలువురికి గుర్తుండే ఉంటుంది. పేరాకు రెండంచులూ సమంగా వచ్చేటట్లు జస్టిఫై చేస్తే, ఆ కూర్పులో గుణింతాలు, వత్తులు హల్లుల నుండి విడిపోయి పంక్తి పొడవునా చెల్లాచెదరయ్యేవి. అక్షరాల నడుమ ఖాళీ పంచవచ్చునన్న లాటిన్ లిపి ఊహ సంయుక్తాక్షరాన్ని చీల్చివేసింది. 2008 జూన్ 17న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3లో ఈ బాధ తీరింది. అయితే 3లో మాత్రమే చూసుకొని తృప్తిపడినవారి వ్యాసం, 2 వాడుతున్న పాఠకునికి చదవరాని చిక్కుముడిగానే మిగిలింది.

ఇంకొక సంఘటన 2018 ఫిబ్రవరిలో జరిగింది. ఐఫోనులోని ఐఓఎస్ 11.2.5 కూర్పులో, ఒక తెలుగు అక్షరక్రమం తెరమీదికి వస్తే దానిని చూపబోయిన ప్రోగ్రామే కూలిపోయేది. "జ్ఞ" తరువాత కంటికి కనిపించని ఒక విభజన సంకేతం, దాని వెంట ఆకారపు గుణింతం. అదే నెల 19న 11.2.6 కూర్పు విడుదలచేసి ఆపిల్ సంస్థ దీనిని సరిదిద్దింది. జ్ఞానమన్న మాటకు మొదటి అక్షరమే యంత్రాన్ని మూర్ఛపోయేటట్లు చేయడం విధి చమత్కారం కాబోలు. ఏ కూర్పుకైనా పరీక్షలో తెలుగు ఉండితీరాలని నిరూపించడానికి ఈ ఒక్క అక్షరం చాలు.

సంఖ్యను అడగడం వల్ల వచ్చిన తంటా

పుట విహారిణిని "నీ కూర్పు సంఖ్య ఎంత" అని అడిగి నడచుకోవడం మొదటి నుండీ ఉన్న అలవాటు. 2009లో ఒపెరా 10వ కూర్పుకు చేరినప్పుడు, సంఖ్యలో మొదటి అంకె మాత్రమే చదివే పుటలు దానిని 1వ కూర్పుగా భావించాయి. చేసేది లేక ఒపెరా తన పరిచయ వాక్యంలో 9.80 అని చెప్పుకొని, అసలు సంఖ్యను చివర వేరుగా చేర్చింది. 2022లో క్రోము, ఫైర్‌ఫాక్సు 100వ కూర్పుకు వచ్చేముందు, మూడంకెల సంఖ్యతో ఏ పుటలు చెదురుతాయో ఆ సంస్థలు ముందుగానే పరీక్షలు జరిపాయి. 2023లో ఇంకా విచిత్రం జరిగింది. ఫైర్‌ఫాక్స్ 110 నుండి 119 వరకు తన పరిచయ వాక్యంలోని ఒక భాగంలో 109 అనే వ్రాసుకొన్నది. అక్కడ 11తో మొదలయ్యే సంఖ్య కనిపిస్తే, కొన్ని పుటలు దానిని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 11గా పొరబడుతున్నాయి! ఆ 11వ కూర్పుకు 2022 జూన్ 15ననే మైక్రోసాఫ్ట్ వీడ్కోలు పలికింది. పోయినవారి పేరు బ్రతికున్నవారిని వెంటాడుతున్నదన్నమాట.

అందుకే అనుభవజ్ఞులు క్రమంగా పేరు, సంఖ్య అడగడం తగ్గించి, "నీకు ఈ పని చేతనౌనా" అని నేరుగా అడిగే పద్ధతికి మారారు. బడిలో కొత్తగా చేరిన పిల్లవానిని ఏ తరగతి చదివావని అడగడం కంటే, పలక ఇచ్చి నాలుగు మాటలు వ్రాయమనడం మేలని ఉపాధ్యాయులందరికీ తెలుసు.

నేడు క్రోము వంటి విహారిణులు వాడుకరిని అడగకుండానే తమను తాము కొత్త చేసుకొంటున్నాయి. పాత కూర్పులలో పరీక్షించాలంటే, దూరాన ఉన్న యంత్రాలలో వాటిని భద్రపరచి అద్దెకిచ్చే సంస్థలున్నాయి. 2011లో ముంబయిలో పుట్టిన బ్రౌజర్‌స్టాక్ వాటిలో పేరుగన్నది. మరొక పరిణామం కూడా చెప్పుకోదగినది. పెట్టె వెడల్పును చట్రంతో సహా లెక్కించే 5వ కూర్పు పద్ధతి, ఒకప్పుడు తప్పని నిందలుపడ్డది, తరువాతి సి.ఎస్.ఎస్.లో బాక్స్ సైజింగ్ పేరుతో వికల్పంగా ఆమోదం పొందింది. ఇప్పటి రూపశిల్పులు చాలామంది దానినే ఇష్టపడి వాడుతున్నారు. వ్యాకరణంలో అసాధువనుకొన్న రూపం మహాకవి ప్రయోగంతో సాధువైనట్లే ఇదీ. పాత ప్రతులను పారవేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

పాత కూర్పు వాడుతున్న పాఠకుడు సోమరితనంతో అక్కడ ఆగలేదు. విండోస్ 2000 ఉన్న యంత్రంలో ఎక్స్‌ప్లోరరు 7 ఎక్కేదే కాదు. గ్రంథాలయంలోనో, కార్యాలయంలోనో కూర్చున్నవానికి కూర్పు మార్చే అధికారం ఉండేది కాదు. అతనికి తెలిసినదల్లా, తాను చదవదలచిన వ్యాసం తెరమీద చిందరవందరగా ఉన్నదని మాత్రమే. తప్పు యంత్రానిదో, పుటదో అతడు విచారించడు. చదవడం మానుకొని వెళ్ళిపోతాడు. ఇందరు ఇన్నేళ్ళు ఖాళీ ఫైళ్ళను, పాత విండోసులను కాపాడుకొంటూ పడిన శ్రమ అతడు వెళ్ళిపోకుండా ఉండడానికే.

స్వస్తి.